భుజముమీది చారలు

గత వేసవిలో మా యింట జరిగిన ఒక సంగతితో ఈ ప్రసంగమును ప్రారంభింతును.

మా అక్కయ్యగారి అబ్బాయి పందొమ్మిదేండ్లవాడు, ఇంజనీరింగు చదువుచున్నాడు. సెలవులకు మా యింటికి వచ్చినాడు. అది రోహిణీకార్తె, రోళ్లు పగులునని సామెత చెప్పు దినములు. మధ్యాహ్న భోజనమునకు మగవారమందరము చొక్కాలు విప్పి, తువాలు భుజమున వేసికొని కూర్చుంటిమి. ఈ పిల్లవాడొక్కడు మాత్రము మెడదాక గుండీలు పెట్టుకొని, చెమటలు కారుచుండగా తల వంచుకొని తినుచుండెను. మా అమ్మ చూడలేక, "ఏమిరా, ఉడికిపోతున్నావు. ఆ చొక్కా కాస్త తీసి కూర్చోరాదూ?" అన్నది. వాడు విననట్లే ఊరకుండెను. చిన్ననాట ఊరి కాలువలోనికి అందరికంటె ముందు దూకువాడు, ఈ పర్యాయము కాలువ వైపునకే రాలేదు.

ఏడాది క్రిందటి వరకు వాడు ఈనెపుల్లవలె ఉండెడివాడు. కళాశాలలో చేరిన పిమ్మట వ్యాయామశాలకు పోయి బరువులెత్తుట ప్రారంభించినాడు. రొమ్ము విశాలమైనది, చేతులు గట్టిపడినవి. అంత శ్రమపడి సంపాదించిన దేహమును దాచుకొనుట యెందులకో నాకు బోధపడలేదు. మూడవనాటి రాత్రి డాబామీద పక్కలు వేసికొన్న తరువాత వాడే మెల్లగా విషయము బయటపెట్టినాడు. "మామయ్యా, నా భుజం చీలిపోయింది. లోపల కండ కూడా తెగిందేమోనని భయంగా ఉంది. అమ్మకు చెప్పకు" అన్నాడు. ఫోను దీపము వేసి చూచితిని. చంకకు ముందుభాగమున, భుజము రొమ్ముతో కలియుచోట, రెండువైపుల, గోళ్లతో గీరినట్లు ఊదారంగు చారలు, ఒక్కొక్కటి అంగుళము, రెండంగుళముల పొడవున ఉన్నవి.

మరునాడు వానిని వెంటబెట్టుకొని మాకు తెలిసిన చర్మవ్యాధుల వైద్యురాలి కడకు పోయితిని. ఆమె చూచి నవ్వి, "బాబూ, నీవంటి వారు నా దగ్గరకు తరచుగా వస్తూనే ఉంటారు. ముందు ఆ భయం వదిలిపెట్టు" అన్నారు. ఆ పూట ఆమె చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు కలిపి మీకు నివేదించుచున్నాను. బరువులెత్తు పిల్లలున్న ఇంట ఇది పెద్దలకును పిన్నలకును కూడ పనికివచ్చునని నా నమ్మకము.

మొదటిమాట: చీలినది కండ కాదు. కండకు ఏ హానియు లేదు. దాని బలము తగ్గలేదు. మార్పు వచ్చినది చర్మమునకు. చర్మములో రెండు ముఖ్యమైన పొరలు కలవు. మనకు కనబడు పైపొర మిక్కిలి పలుచనిది. అది నిత్యము రాలుచు, నిత్యము పుట్టుచు ఉండును. దాని క్రిందనున్న పొరయే చర్మమునకు అసలైన బలము. దానిని చేనేత వస్త్రముతో పోల్చవచ్చును. అందు కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు దట్టముగా అల్లుకొని యుండును. ఈ పొరలోని తడి అంతయు తీసివేసి తూచినచో, బరువులో సుమారు 70 శాతము ఈ పోగులదే. వాని నడుమ ఎలాస్టిన్ అను సాగెడి పోగులు కొద్దిగా ఉండును. మొదటివి చర్మమునకు గట్టితనము నిచ్చును. రెండవవి, లాగి విడిచిన చర్మమును మరల యథాస్థానమునకు తెచ్చును.

నేసిన గుడ్డను ఒక్కమారుగా గుంజినచో, పైకి చిరుగు కనబడకున్నను, పడుగు పేకలు ఎడమై, అచ్చటచ్చట పోగులు తెగి, ఆ చోటు పలుచబడుట మీరు చూచియుందురు. చర్మములో జరుగునదియు అట్టిదే. లోపలి పొర చెదరినచోట పైపొర పలుచనై కొంచెము క్రుంగును. అడుగుననున్న సన్నని రక్తనాళములు వ్యాకోచించి పైకి కనబడును. కావున క్రొత్త చార తెల్లని మేనివారిలో ఎర్రగాను, మనవంటి చామనచాయవారిలో ఊదాగానో నల్లగానో ఉండును. ఒక్కొక్కప్పుడు దురద కూడ పెట్టును. నెలలు గడచినకొలది ఆ రంగు పాలిపోయి, చివరకు చార వెండిపోగువలె తెల్లబడి నిలుచును. అది చర్మము తనంతట తాను వేసికొన్న కుట్టు. కుట్టు గట్టిదే గాని, మొదటి నేత మాత్రము తిరిగి రాదు.

చర్మము ఎటు లాగబడునో, చార దానికి అడ్డముగా ఏర్పడును. వెల్లకిల పండుకొని రొమ్ముపైనుండి బరువు నెత్తు వ్యాయామమును అతిగా చేయువారికి చంకల ముందుభాగమునను, చేతి కండలను ముఖ్యముగా పెంచువారికి దండచేతుల లోపలివైపునను, బరువు భుజాన పెట్టుకొని గుంజీలు తీయువారికి తొడలపైనను ఇవి పడుటకు కారణమిదే. బరువులు ముట్టని పిల్లలకు కూడ ఇవి వచ్చును. యౌవనారంభమున ఒక్కసారిగా పొడవెదుగు మగపిల్లలకు నడుముపై అడ్డముగా వరుసలు వరుసలుగా చారలు పడును. అవి చూచినవారు పిల్లవానిని ఎవరో బెత్తముతో కొట్టినారని అపోహపడుట కూడ కలదు.

అయితే కండ పెంచిన ప్రతివానికి చారలు పడవు గదా! ఈ తేడా ఎందులకు? అనంతపురము ప్రాంతమున దానిమ్మతోట వేసిన రైతు నడిగినచో, దీనికి సగము సమాధానము దొరకును. కాయ పెద్దదగుటచేతనే పగులదు. చాలదినములు నీరందక తొక్క బిగిసియున్నప్పుడు, ఒక్కసారిగా నీరు పారినచో లోపలి గింజలు ఊరును. తొక్క అంత త్వరగా పెరుగజాలదు. అందుచేత కాయ పగులును. నీరు క్రమముగా నందిన కాయ, అంతకంటె పెద్దదైనను, నిలుచును. చర్మము కూడ వ్యవధి యిచ్చినచో క్రొత్త పోగులు నేసికొని పెరుగగలదు. దానికి వ్యవధి లేకుండ చేయుటయే చిక్కు.

మిగిలిన సగము మన చేతిలో లేనిది. తల్లికో తండ్రికో ఈ చారలున్నచో బిడ్డలకు వచ్చు అవకాశము హెచ్చు. శరీరములో ఊరు కొన్ని రసములు కూడ పోగుల నేతను బలహీనపరచును. అందుచే ఎంత జాగ్రత్తగా పెంచుకొన్నను కొందరికి చారలు పడును. నిర్లక్ష్యముగా పెంచినను కొందరికి పడవు. ఇది ఎవరి తప్పును కాదు.

ఇంతవరకు విన్న మా మేనల్లుని ముఖము కొంత తేటబడినది. అప్పుడు వైద్యురాలు కాగితము తీసికొని మూడు ప్రశ్నలడిగినారు. ఈ మూడు ప్రశ్నలను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని నా మనవి.

మొదటి ప్రశ్న: "ఎన్నాళ్లలో ఎంత బరువు పెరిగావు?" వాడు కొంత గర్వముగనే, "అయిదు నెలల్లో పదకొండు కిలోలండీ" అన్నాడు. ఆమె ఏమియు అనక వ్రాసికొన్నారు.

రెండవ ప్రశ్న: "చర్మానికి ఏమైనా రాస్తున్నావా?" వాడు జేబునుండి ఒక లేపనపు గొట్టము తీసి బల్లపై పెట్టినాడు. చంకలో దురదగా నున్నదని మందుల దుకాణములో, ఏ వైద్యుని చీటియు లేకుండ, అడిగి కొన్నాడట. రెండు దినములలో దురద పోయినది. అంత మంచి మందు గదా యని, చారలు కనబడిన తరువాత వానిమీద కూడ రెండు నెలలు పూసినాడు. వైద్యురాలు ఆ గొట్టముపైనున్న చిన్న అక్షరములను వానిచేతనే చదివించినారు. అందు స్టిరాయిడ్ కలదు.

ఇచ్చట ఒక్క నిమిషము ఆగవలెను. ఉక్కపోత గల మన దేశమున తామర మిక్కిలి సాధారణము. దానికని తెలిసియో తెలియకయో పలువురు ఇట్టి లేపనములు వాడుచున్నారు. స్టిరాయిడ్ మంచి ఔషధమే. వైద్యుడు చెప్పినచోట, చెప్పినన్ని దినములు వాడినచో మేలు చేయును. కాని తామరపై పూసినచో దురద అణగును గాని, తామరను కలిగించు బూజు చావదు, లోలోపల ప్రాకును. అంతకుమించి, ఘాటైన స్టిరాయిడును వారములు, నెలలు పూసినచో చర్మము పలుచబడును. కొల్లాజెన్ పోగులు క్షీణించును. చంకలు, గజ్జలు వంటి మడతలలో ఈ హాని త్వరగా కలుగును. ఆ హానికి ఒక గుర్తు ఈ చారలే. అనగా చారలకు మందని మా వాడు పూసినది, చారలను పెంచు పదార్థము.

శరీరములోనే ఇట్టి రసము అధికమైనప్పుడు ఏమగునో అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగు 1912లో ఒక రోగిని గూర్చి వ్రాసి, 1932లో మరింత వివరముగా ప్రకటించినాడు. ఆ వ్యాధికి నేడు ఆయన పేరే కలదు. అందు ముఖము గుండ్రనగును. పొట్ట పెరిగి కాలు చేతులు సన్నబడును. చర్మము కొద్ది తాకిడికే కమిలిపోవును. పొట్టపై వెడల్పైన, ముదురు ఊదారంగు చారలు పడును. బరువులెత్తువాని చారకును దీనికిని భేదమును గుర్తించుట కష్టము కాదు: ఇచ్చట కండ పెరిగి చార వచ్చినది, అచ్చట కండ తరుగుచుండగా చార వచ్చును. ఆ లక్షణములు కనబడినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

మూడవ ప్రశ్న: "ఏమైనా మింగుతున్నావా? సూదులు వేయించుకుంటున్నావా?" మా వాడు తల వంచుకొన్నాడు. చాలసేపటికి, వ్యాయామశాలలో పరిచయమైన వాడొకడు ఒక మందుసీసా ఇచ్చినాడనియు, అది తన సంచిలో నున్నదనియు, ఇంకను వేయించుకొనలేదనియు చెప్పినాడు. నా గుండె ఝల్లుమన్నది. నేను కోపముతో నోరు తెరువబోగా, వైద్యురాలు చేతితో వారించి, "నిజం చెప్పాడు కదండీ, అదే మేలు" అన్నారు.

ఆ సీసాలోనిదియు స్టిరాయిడే. కాని జాతి వేరు. లేపనములోనిది పోగులను కరగించునది. ఇది కండను పెంచునది. పురుషత్వమునకు మూలమైన టెస్టోస్టిరోనును 1935లో ప్రయోగశాలలో తయారు చేసిరి. ఆ కృషికి సంబంధించి బుటెనాంట్, రుజిచ్కా అను శాస్త్రజ్ఞులకు రసాయనశాస్త్రమున 1939 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. శరీరములో ఆ రసము లోపించిన రోగులకు అది వరము. కాని ఆరోగ్యవంతుడు కండకొరకు దానిని బయటినుండి ఎక్కించుకొన్నచో, మెదడు "ఇక చాలు" అని లోపలి ఉత్పత్తిని ఆపించివేయును. వృషణములు కుంచించుకొనిపోవును, సంతానశక్తి తగ్గును, రొమ్ము స్త్రీలవలె పెరుగవచ్చును. గుండెకును కాలేయమునకును హాని కలుగును. స్వభావములో చిరాకు, కోపము పెరుగును. కండ మాత్రము చర్మము అందుకొనలేనంత వేగముగా పెరుగును; అప్పుడు చారలు వెడల్పుగా, పెక్కుగా పడును. క్రీడలలో వీనిని నిషేధించినారు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో మొదటిసారిగా వీనికై పరీక్షలు జరిపినారు. ఇక అంగడిలో దొరకు పేరూ ఊరూ లేని బలవర్ధక చూర్ణములలో కూడ చెప్పకుండ ఇట్టివి కలిపిన సందర్భములు కలవు.

బలము మనకు క్రొత్త విద్య కాదు. శ్రీకాకుళము ప్రాంతపు పల్లెలలో సంగిడిరాళ్లెత్తు పోటీలు, తాలింఖానాలలో దండీలు, బస్కీలు మన తాతల నాటివి. వీరఘట్టములో 1882లో జన్మించిన కోడి రామమూర్తినాయుడు గారు రొమ్మున ఏనుగు నెక్కించుకొని, కట్టిన గొలుసులను తెంచి కలియుగ భీముడనిపించుకొన్నారు. ఆ ప్రాంతమునకే చెందిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో, ఒకమారు 110, మరియొకమారు 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకమందుకొన్న తొలి భారతీయ మహిళ అయినది. నేడు అంతర్జాతీయ పోటీలలో కడ్డీపై బరువును ఒక్క కిలో చొప్పున పెంచుకొనవచ్చును. అంతటి బలాఢ్యులకే ఒక కిలో లెక్కలోనిది. అయిదు నెలలలో అంతయు కావలెనను తొందర మన పిల్లలకు ఎచ్చటినుండి వచ్చినదో పెద్దలమగు మనము కూడ ఆలోచింపవలెను. ఫోనులో గంటకొక బలిష్ఠుని చిత్రము చూచు పిల్లవాడు అద్దములో తన్ను చూచుకొని తృప్తి చెందుట కష్టము.

ఇక చేయవలసినది. వ్యాయామము మాననక్కరలేదు, బరువులను క్రమముగా పెంచవలెను. ఒకే కండను దినదినము వేధింపక, దేహమంతటికి పని చెప్పవలెను. తిండిని అమితముగా పెంచి, వెంటనే తగ్గించి, మరల పెంచు పద్ధతి మంచిది కాదు. చారలకు పూయు నూనెల సంగతి: కొబ్బరినూనెయో మరియొకటియో రాచినచో చర్మము మెత్తబడి దురద తగ్గవచ్చును, అంతవరకు మేలే. కాని నూనెలుగాని, ఖరీదైన వెన్నలుగాని చారలు రాకుండ ఆపునట్లు గట్టి రుజువు లేదు. చార రంగుతో నున్న తొలినాళ్లలో ట్రెటినాయిన్ అను లేపనము కొందరికి కొంత ఉపకరించును. గర్భిణులు దానిని వాడరాదు. లేజరు చికిత్స కలదు. చామనచాయ చర్మముపై అది నల్లమచ్చలు మిగుల్చు భయమున్నది గనుక, అనుభవజ్ఞులైన వైద్యులచేతనే చేయించుకొనవలెను. ఏ చికిత్సయు చారను పూర్తిగా తుడిచివేయజాలదు. అన్నిటికంటె చవుకయైనది ఓపిక. ఏడాది రెండేండ్లలో చాలవరకు అవే పాలిపోవును.

ఆ సీసాను మా వాడు ఆ సాయంకాలమే వైద్యురాలికి తెచ్చి యిచ్చినాడు. ఇంటికి వచ్చిన తరువాత, వాని అనుమతితోనే, ఇంటివారికి సంగతి చెప్పితిని. మా అమ్మ వానిని దగ్గరకు పిలిచి, చొక్కా విప్పించి, కళ్లద్దములు పెట్టుకొని చూచినది. "ఓస్, ఇవేనా! మీ అమ్మ కడుపున పడ్డప్పుడు నాకూ వచ్చాయిరా. తర్వాత మీ మామయ్యకు ఇంకొన్ని. ఎవరైనా అడిగారా? నేనెవరికైనా చెప్పానా?" అన్నది. మా అక్కయ్య పక్కనే నిలుచుండి, "నీవల్ల నాకూ వచ్చాయి, నాయనా" అన్నది. పందొమ్మిదేండ్లవాడు వారిద్దరి ముఖములు చూచి మారుమాటాడలేదు. నలుబదియేండ్లు దాటిన నాకును ఆ సంగతి అప్పుడే తెలిసినదని ఒప్పుకొనుచున్నాను.

గర్భిణులకు వచ్చు ఈ చారలను మన ప్రాచీనులెరుగుదురు. చరకసంహిత శారీరస్థానమున వీనికి కిక్కిసమను పేరు కలదు. కడుపులోని బిడ్డకు వెండ్రుకలు మొలచుటచే తల్లికి మంటపుట్టునని స్త్రీలనుకొందురనియు, అది కాదు, పెరుగు గర్భము ఒత్తుటయే దానికి మూలమని ఆత్రేయుని మతమనియు అందు చెప్పబడినది. ఆ మంటవలన దురద, దురదవలన కిక్కిసము కలుగునట. చర్మము చెడకుండుటకు గోకరాదని హెచ్చరికయు అందు కలదు. నేటి శాస్త్రపు వివరణ వేరైనను, లోపలినుండి ఒత్తు పెరుగుదలను వారు గమనించినారు. అన్ని శతాబ్దములుగా స్త్రీలు ఎవరికిని చెప్పక మోసిన గుర్తునే, నేడు మన అబ్బాయిలు భుజముమీద చూచుకొని బెదరుచున్నారు.

మరునాడు మధ్యాహ్నము మా మేనల్లుడు చొక్కా విప్పి, తువాలు వేసికొని మా వరుసలో భోజనమునకు కూర్చుండెను. ఎవరును ఏమియు అనలేదు. మా అమ్మ మాత్రము రెండవమారు పప్పు వడ్డించినది. వాడిప్పుడును బరువులెత్తుచున్నాడు, నెమ్మదిగా. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చూచితిని; చారలున్నవి, రంగు తగ్గినవి.

మీ యింట పిల్లవాడెవడైన ఎండాకాలమున చొక్కా విప్పక కూర్చున్నచో, ఎగతాళి చేయకుడు, కోపపడకుడు. ఎన్నాళ్లలో ఎంత పెరిగితివి, ఏమి పూయుచున్నావు, ఏమి మ్రింగుచున్నావు అని మూడు మాటలు మెల్లగా అడుగుడు. మొదటి ప్రశ్నకు వచ్చు సమాధానము ఎట్లున్నను తొందరలేదు. రెండవదానికి, మూడవదానికి వచ్చు సమాధానమును మాత్రము శ్రద్ధగా వినుడు. అవసరమైనచో ఆనాడే వానిని వైద్యుని కడకు తీసికొనిపొండు.